కంది చేన్ల ఈకరెక్కల పురుగుకు పేరెట్ల వచ్చింది?

కంది చేన్ల దోమ లెక్క సన్నగ, రెక్కలు అడ్డంగ చాపి కూసునే పురుగును మీరు చూసే ఉంటరు. అది దోమ కాదు, కాయ తొలిచే ఈకరెక్కల పురుగు తల్లి.

1885లో ఇంగ్లండు జమీందారు వాల్సింగం ప్రభువు దీనికి 'అటోమోసా' అని పేరు పెట్టిండు. 1908లో మేరిక్ అనే బడిపంతులు 'ఎక్సెలాస్టిస్' అని ఇంటిపేరు ఇచ్చిండు. మన రైతుకు పనికొచ్చే ముచ్చట తర్వాత వచ్చింది. 1914లో దక్షిణ భారత పురుగుల మీద పుస్తకం రాసిన ఫ్లెచర్, ఈకరెక్కల జాతులు ఏ మొక్క మీద ఎట్ల బతుకుతయో చూసి రాసిండు.

ఆ ముచ్చట తెల్వక ఒక ఏడాది నేను మోసపోయిన. చెల్పూరుల మా కంది కాయలకు అతుక్కున్నవి పురుగులే అనుకొని మందు కొట్టిన. అవి ప్యూపాలు! గింజ అప్పటికే తినేసినయ్, నా పైసలు దండుగ.

గుర్తు పెట్టుకోండి: శనగపచ్చ పురుగు పెద్దగ ఎదుగుతది, మన్నుల ప్యూపా అయితది. ఇది చిన్నది, ఒంటినిండ నూగు, కాయ మీదనే ప్యూపా అయితది. డబ్బా కొనే ముందు పది చెట్ల కాయలు తిప్పి చూడుండ్రి.