హార్మోనియం కొంటున్నారా? ముందు గాలి చూడండి

పిల్లలకు కవ్వాలీ నేర్పించాలని హార్మోనియం కొనేవాళ్లు చాలామంది పైపాలిష్ చూసి డబ్బు పెడతారు. కానీ స్వరం పుట్టేది లోపలి ఇత్తడి రీడ్లలో, దానికి ఊపిరి పోసేది తిత్తి. ఈ రెండూ బాగుంటే సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు.

స్టాపర్లన్నీ మూసి గాలి కొట్టండి. కాసేపటికి తిత్తి చేతికి బిగువుగా తగిలి ఆగాలి. తేలిగ్గా ఆడుతూనే ఉంటే ఎక్కడో గాలి పోతున్నట్టే. తర్వాత డ్రోన్‌వి తప్ప మిగతా స్టాపర్లు తెరిచి, మెట్లు నొక్కకుండా కొట్టండి. శబ్దం వస్తే ఏదో మెట్టు సరిగా మూతపడట్లేదు. ఆపై ఒక్కో మెట్టూ వాయిస్తూ ఫోన్‌లో ట్యూనర్ యాప్‌తో శ్రుతి సరిచూడండి.

కొత్తవాళ్లకు 2 వరుసల రీడ్లు, 3 సప్తకాలు చాలు. స్కేల్ చేంజర్ అయితే బరువు, ధర, రిపేరు ఖర్చు మూడూ పెరుగుతాయి. ట్యూనింగ్‌కు ఎంతవుతుందో ముందే మరమ్మతు చేసేవారిని అడిగి, అంత మేర బేరమాడండి.