ఏ ఆత్మకూరు?

మా నెల్లూరు మెట్టప్రాంతంలో ఆత్మకూరంటే సోమశిల దగ్గరి ఊరే. కర్నూలువారికి నల్లమల అంచున మరొక ఆత్మకూరుంది. అనంతపురం, మహబూబ్‌నగర్, వరంగల్ వైపులా ఆత్మకూరులున్నాయి. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలుగా ఉన్న రోజుల్లో దీనివల్ల పెద్ద చిక్కేమీ లేదు. ఉత్తరం దారి తప్పితే నాలుగు రోజులు ఆలస్యమయ్యేది, అంతే.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ హైదరాబాదులో మొదలై క్రమంగా ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. ఆ రోజుల్లో ఏ పల్లెనుంచి పిలిచినా పలికింది హైదరాబాదు శివారులోని కేంద్రమే. ఆ సంఖ్యను ఎంచుకున్నవారిని మెచ్చుకోకుండా ఉండలేను. అష్టోత్తరం తెలిసినవారికి 108ని ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు; అక్షరం రాని అవ్వ కూడా గుర్తుపెట్టుకోగలదు.

కష్టమంతా ఆ తరువాతనే. పురిటినొప్పుల ఇంటినుంచి "ఆత్మకూరు, బండి పంపియ్యి సామీ" అన్న కేక తప్ప మరేమీ వినిపించకపోతే, అవతల కూర్చున్న మనిషి ఏ బండిని కదిలించాలి? జిల్లా ఏది, మండలం ఏది అని అడగక తప్పదు. అడిగించుకునేవారికి అది కాలయాపనగా తోస్తుంది. నెల్లూరునుంచి ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. ఇటువంటి చోట ఆ రెండు ప్రశ్నలే ప్రాణం నిలుపుతాయి.

ఊరు తేలినా మనిషి తేలడు. పెంచలకోన నరసింహస్వామి పేరున పెంచలయ్యలు, కసుమూరు మస్తాన్‌వలీ పేరున మస్తానయ్యలు మావైపు ఊరూరా ఉన్నారు. తెలుగులో ఒక్క తీరున వ్రాసే పెంచలయ్యను ఇంగ్లీషు అక్షరాల్లోకి దించేటప్పుడు ఒకరు ఒక 'వై' వ్రాస్తారు, ఒకరు రెండు వ్రాస్తారు, మరొకరు చివర 'హెచ్' తగిలిస్తారు. కంప్యూటరు దృష్టిలో ముగ్గురు మనుషులు! తెలుగును తెలుగులోనే టైపు చేయాలని పట్టుబట్టిన మనకు ఈ బాధ వేరే చెప్పాలా? ఇద్దరు పెంచలయ్యలు ఒక్కరిగా కలిసిపోవడం ఇంతకన్న ప్రమాదం: పెన్సిలిన్ పడదన్న హెచ్చరిక ఒకరిదైతే, సూది మరొకరి వివరాలు చూసి వేస్తారు.

2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ చిక్కుకు విరుగుడుగా మనిషికొక సంఖ్య నిచ్చింది. దానికి ఆభా అని పేరు. అందులో 14 అంకెలు! యంత్రానికి అది సులువే. 108ని నోటికి తెచ్చుకున్న అవ్వకు మాత్రం కాదు. కార్డు ఇంట మరచి వచ్చిన పెంచలయ్యను ఓపీ చీటీల దగ్గర అడిగేది మళ్ళీ ఊరు, ఇంటిపేరు, తండ్రి పేరే.