కాలువ నీటి నుంచి కాలనీ దాకా: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంపన్నవర్గపు జనసంఖ్యా, ఆర్థిక చరిత్ర

నల్లగొండ ప్రాంతాన్ని గురించిన తెలుగు సాహిత్య చర్చ చాలావరకు 1951 దగ్గర ఆగిపోతుంది. గడీ, వెట్టి, సంఘం, సాయుధ పోరాటం అనే నాలుగు మాటల చుట్టూనే మన నవలా విమర్శ తిరిగింది. అందుకు కారణం లేకపోలేదు. పుచ్చలపల్లి సుందరయ్య తమ పోరాట చరిత్రలో సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20,000 ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు ఉన్నట్లు నమోదు చేశారు. అంతటి భూకేంద్రీకరణ ఉన్నచోట రచయిత దృష్టి దానిమీదనే నిలవడం సహజం. అయితే ఆ ప్రాంతపు భూమి తరువాత ఎవరి చేతికి వచ్చింది, ఏ రూపంలో పట్టణం చేరింది అనే ప్రశ్నకు సాహిత్య పరిశోధనలో తగిన చోటు దొరకలేదు. నేడు ఈ మూడు పట్టణాల అంచుల్లో వెలసిన డూప్లెక్సు ఇళ్ల కాలనీలను చూసి, అది హైదరాబాదు నుంచి పాకివచ్చిన నగర సంపద అనుకోవడం పరిపాటి. ఆ సంపద మూలం ప్రధానంగా నీరు పారిన భూమి అనీ, అది మూడు పట్టణాలకూ ఒకే తోవన రాలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్‌బహదూర్ కాలువగా పేరొందిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుతూ ఖమ్మం, కృష్ణా జిల్లాల వైపు సాగింది. ఈ రెండు తేదీల నడుమ ఉన్న పన్నెండేళ్లు మన విషయానికి కీలకం. నీరు వస్తుందని అందరికీ తెలుసు. నీరు పారిన ఎకరం ఏమి పలుకుతుందో మాత్రం, 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట కింద వందేళ్లు సేద్యం చేసిన డెల్టా రైతుకే బాగా తెలుసు.

చట్టం ఈ కొనుగోళ్లకు కొంతకాలం అడ్డుగా నిలిచింది. పోరాటపు ఒత్తిడిలో వచ్చిన 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 47వ సెక్షన్ ప్రకారం అధికారుల అనుమతి లేని భూమి బదిలీ చెల్లదు. 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం సైతం తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాన్ని ప్రాంతీయ మండలి అదుపులో ఉంచాలన్నది. అయినా సాదాబైనామాల మీద భూమి చేతులు మారుతూనే ఉంది. 1969లో ఆ సెక్షన్‌ను తొలగించారు. నీరు వచ్చిన రెండేళ్లకే ఆ అడ్డు పోయిందన్న సంగతిని, అదే ఏడాది ఎగసిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో కలిపి చదవాలి.

కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలకు ‘సెటిలర్లు’ అన్న పేరు స్థిరపడింది. వారితోపాటు మాటలూ వచ్చాయి. నిజాం కాలపు రెవిన్యూ భాషలోని తరి, ఖుష్కీల పక్కన మాగాణి, మెట్ట వచ్చి కూర్చున్నాయి. అంతమాత్రాన ఈ సంపన్నవర్గమంతా వలస వచ్చినదేనని అనడం తొందరపాటు. ఆయకట్టులో భూమి నిలుపుకున్న స్థానిక పట్టాదారులూ, ధాన్యం వ్యాపారంలో ముందునుంచీ ఉన్న కోమటి కుటుంబాలూ అందులో భాగస్వాములే.

ఆ తరువాతి మలుపు 1973 నాటి భూసంస్కరణల చట్టం. అది కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితిగా పెట్టింది. కాలువ నీటితో మెట్ట మాగాణి అయినచోట పరిమితి కూడా కుంచించుకుపోతుంది. మిగులు డబ్బు మళ్లీ పొలంలోకి పోలేక మిల్లులోకి, లారీలోకి, సినిమాహాలులోకి, కాంట్రాక్టులోకి మళ్లిందని నా అభిప్రాయం. మిర్యాలగూడ ఇందుకు ప్రబల నిదర్శనం. రైలు మార్గమూ, చుట్టూ రెండు పంటల వరీ ఉన్న ఈ పట్టణం రాష్ట్రంలోనే పేరుపొందిన బియ్యం మిల్లుల కేంద్రమైంది. ఇక్కడ వడ్ల గింజలో వృథా అయ్యేది దాదాపు లేదు: తవుడు నూనెకు, ఊక బాయిలరుకు, నూకలు దాణాకు పోతాయి. కానీ ఈ సంపద స్వేచ్ఛా విపణిలో మాత్రమే పెరిగినది కాదు. 2015 దాకా లెవీ విధానం, ఆపైన ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి ఇచ్చే పద్ధతి దీనిని మోశాయి. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం అప్పగించాలి. ఉప్పుడు బియ్యం ఇక కొనబోమని 2021లో కేంద్రం అన్నప్పుడు మిల్లర్లలో పుట్టిన కలవరం, ప్రభుత్వ కొనుగోలు మీద ఈ వర్గం ఎంతగా ఆధారపడిందో చూపింది.

కోదాడ కథ వేరు. అది కాలువతోపాటు విజయవాడ రహదారిని, సరిహద్దును నమ్ముకున్న ఊరు. సూర్యాపేటది మరీ వేరు. దాని పరిసరాలకు చాలాకాలం 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టే ప్రధానమైన నీటివనరు, ఆ ఆయకట్టూ పరిమితమే. రైలు లేని ఈ పట్టణాన్ని పెంచినవి రహదారి, మార్కెట్టు, 2016 అక్టోబరులో వచ్చిన జిల్లా కేంద్ర హోదా. అందువల్ల ఇక్కడి కాలనీల్లో మిల్లు యజమాని కంటే వ్యాపారి, ఉద్యోగి, వైద్యుడు ఎక్కువగా కనిపిస్తారు.

జనాభా లెక్కలు ఈ వర్గాన్ని పట్టుకోలేవు. 2011లో ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా 34,88,809. అందులో పట్టణవాసులు ఐదింట ఒక వంతు లోపే. సూర్యాపేట, మిర్యాలగూడ లక్ష దాటగా కోదాడ అరవై వేలు దాటింది. ఈ పట్టికల్లో ఆదాయం ఉండదు. కారు, టీవీ, సొంతిల్లు ఉన్నాయో లేవో మాత్రమే ఉంటుంది. వలస విషయంలో చిక్కు మరింత లోతైనది. కృష్ణా జిల్లా నుంచి కోదాడకు వచ్చిన కుటుంబం 2011 లెక్కల్లో ఒకే రాష్ట్రంలో జిల్లా మారిన కుటుంబం. 2014 తరువాత అదే కుటుంబం, అదే ఇంట్లో ఉంటూ, పొరుగు రాష్ట్రపు వలస అవుతుంది. ఏ మనిషీ కదలకుండానే పట్టిక మారుతుంది. ఇక బీహార్ నుంచి వచ్చి మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు కాలనీ వర్ణనలో ఎక్కడా చేరరు. వారిని వదిలి ఈ సంపన్నవర్గ చిత్రాన్ని గీస్తే అది రియల్ ఎస్టేటు కరపత్రమే అవుతుంది.

పొలం ప్లాటు కావడం చివరి దశ కాదు. ఈ కుటుంబాల రెండవ ఇల్లు తరచు అదే విజయవాడ రహదారి మీద, హైదరాబాదు తూర్పు శివారులో, వనస్థలిపురం, ఎల్.బి. నగర్, హయత్‌నగర్‌లలో ఉంటుంది. మూడవ తరం అమెరికాలో ఉంటుంది. దీనిని తెలుసుకోవడానికి రిజిస్ట్రేషను దస్తావేజులు, మిల్లుల లైసెన్సు పుస్తకాలు ఎంత అవసరమో పెళ్లి శుభలేఖలూ అంతే అవసరం. వాటిలో స్వగ్రామం ఆయకట్టు పల్లె, ప్రస్తుత నివాసం పట్టణపు కాలనీ, విందు హైదరాబాదు శివారు ఫంక్షన్ హాలు. వరుని ఉద్యోగం మాత్రం డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో.