చించేసినవి పోగా మిగిలినవి

1928 ఏప్రిల్ 3. లండన్‌లోని సదబీస్ వేలంశాలలో డెబ్బై అయిదేళ్ల పెద్దావిడ ఒకరు కూర్చుని, తన చిన్ననాటి పుస్తకానికి పాట పెరుగుతుంటే చూస్తున్నారు. ఆమె పేరు ఆలిస్ హార్‌గ్రీవ్స్. ఆమెకు పదేళ్లప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పే చార్లెస్ డాడ్జ్‌సన్ అనే ఆయన పడవ షికారులో ఓ కథ చెప్పాడు. దాన్ని రాసిమ్మని ఆ పిల్ల వెంటపడింది. ఆయన సొంత దస్తూరీతో కుదురుగా రాసి, 37 బొమ్మలు తనే గీసి, 1864 నవంబరులో కానుకగా ఇచ్చాడు. లూయిస్ కారల్ అన్న కలం పేరుతో ఆయన తర్వాత అచ్చు వేయించిన ఆలిస్ అద్భుతలోకం కథకు తొలి రూపం అదే.

1926లో భర్త పోయాక, పన్నుల భారం తట్టుకోలేక ఆమె ఆ రాతప్రతిని అమ్మకానికి పెట్టారు. బ్రిటిష్ మ్యూజియం 12,500 పౌండ్ల దగ్గర ఆగిపోయింది. అమెరికా నుంచి వచ్చిన ఎ.ఎస్.డబ్ల్యు. రోజెన్‌బాక్ అనే పుస్తకాల వ్యాపారి 15,400 పౌండ్లకు పాడుకుని పట్టుకుపోయాడు. పిల్లల పుస్తకం ఏమిటి, ఇంత ధర ఏమిటి అని ముక్కున వేలేసుకున్నవాళ్లు అప్పట్లో చాలామందే ఉండి ఉంటారు. రోజెన్‌బాక్‌కు మాత్రం ఆ వింత లేదు. షేక్‌స్పియర్ తొలి ముద్రణలు, గుటెన్‌బర్గ్ బైబిళ్లు అమ్మి పేరు తెచ్చుకున్న ఆయన, అమ్మకుండా తనకోసం దాచుకున్న వాటిలో ముఖ్యమైనవి పిల్లల పుస్తకాలే. ఫిలడెల్ఫియాలో పాత పుస్తకాల కొట్టు నడిపిన మేనమామ మోజెస్ పోలక్ దగ్గర అంటుకున్న పిచ్చి అది. 1933లో తన దగ్గరున్న 816 పాత అమెరికన్ పిల్లల పుస్తకాలకు ఆయన ఒక కేటలాగు అచ్చు వేయించాడు. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు అది ఇప్పటికీ చేతిపుస్తకం. 1947లో ఆ సేకరణ మొత్తాన్ని ఊళ్లోని ఫ్రీ లైబ్రరీకి ఇచ్చేశాడు.

పెద్దల పుస్తకం ఎలా బతుకుతుందో ఊహించడం తేలికే. కొంటారు, బీరువాలో పెడతారు, సగం మంది చదవరు. మనవడి కాలానికి అది కొత్తదానిలాగే ఉంటుంది. పిల్లల పుస్తకానికి ఆ యోగం లేదు. దాన్ని నములుతారు, రంగులు పూస్తారు, తమ్ముడికిస్తారు. తమ్ముడు అట్ట ఊడగొట్టి చెల్లికిస్తాడు. అందుకే వేలల్లో అచ్చయినవి కూడా మాయమైపోతాయి. అమెరికా బడి పిల్లలు తరతరాలుగా అక్షరాలు నేర్చుకున్న 'న్యూ ఇంగ్లండ్ ప్రైమర్' బోస్టన్‌లో 1690 ప్రాంతంలో మొదలైంది. ఇవాళ దొరికే అతి పాత ప్రతి 1727 నాటిది. దానికి ముందు అచ్చయినవన్నీ పిల్లల చేతుల్లోనే అరిగిపోయాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన భాగస్వామి హాల్ కలిసి 1749 నుంచి 1766 దాకా 37,100 ప్రైమర్లు అమ్మినట్టు లెక్క ఉంది. లెక్కల పుస్తకం భద్రంగా ఉంది. ప్రైమర్లలో మాత్రం మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని.

లండన్ వ్యాపారి జాన్ న్యూబెరీ సంగతీ అంతే. పిల్లలకు నీతులతోపాటు సరదా కూడా కావాలని గ్రహించి, దాన్ని వ్యాపారంగా మార్చిన తొలితరం ప్రచురణకర్త ఆయన. 1744లో 'ఎ లిటిల్ ప్రెటీ పాకెట్ బుక్' తెచ్చాడు. వెల ఆరు పెన్నీలు. ఇంకో రెండు పెన్నీలు కలిపితే మగపిల్లాడికి బంతి, ఆడపిల్లకు గుండుసూదులు గుచ్చుకునే దిండు దక్కుతాయి. ఒకవైపు ఎరుపు, మరోవైపు నలుపు. మంచిపని చేసినప్పుడల్లా ఎర్రవైపు ఒక సూది, చెడ్డపనికి నల్లవైపు ఒక సూది. ఇవాళ బిస్కెట్ ప్యాకెట్టులో బొమ్మ పెట్టి అమ్మేవాళ్లంతా ఆయన శిష్యులే. అంత పేరున్న ఆ పుస్తకం మొదటి ముద్రణ ప్రతి ఒక్కటంటే ఒక్కటి కూడా దొరకలేదు. పండితులు చూసి రాసిందంతా తర్వాతి ముద్రణల్నే.

ఇక ఆలిస్ అచ్చు పుస్తకం. దాని మొదటి ముద్రణ అరుదు కావడంలో పిల్లలతోపాటు పెద్దల పంతం కూడా ఉంది. 1865 వేసవిలో ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రెస్ 2,000 ప్రతులకు సరిపడా ఫారాలు అచ్చు వేసింది. మాక్‌మిలన్ సంస్థ కొన్నింటిని బైండు చేసి రచయితకు పంపింది. ఆయన స్నేహితులకు పంచడం మొదలుపెట్టాడు. జులైలో బొమ్మలు గీసిన జాన్ టెనియల్ నుంచి జాబు వచ్చింది: బొమ్మల అచ్చు ఏమీ బాగోలేదు. రచయితకు ఆ మాట చాలు. పంచినవి వెనక్కి పంపమని అందరికీ రాశాడు, పుస్తకం మొత్తాన్ని వేరే ప్రెస్సులో మళ్లీ అచ్చు వేయించాడు, ఖర్చు తనే భరించాడు. వెనక్కొచ్చిన ప్రతులు పిల్లల ఆసుపత్రులకు వెళ్లాయి. మంచాన పడ్డ పిల్లలు వాటిని ఏం చేసి ఉంటారో చెప్పనక్కర్లేదు. ఆ 1865 ప్రతుల్లో ఇప్పుడు ప్రపంచం మొత్తంమీద ఆచూకీ తెలిసినవి ఇరవై పైచిలుకు, అంతే. రచయిత సొంత ప్రతి ఒకటి 1998లో న్యూయార్క్ వేలంలో 15 లక్షల డాలర్లు దాటి పలికింది.

కథ అక్కడితో అవలేదు. పక్కన పెట్టేసిన ఫారాలు చెత్తబుట్టలోకి వెళ్లలేదు. వాటిని న్యూయార్క్‌లోని యాపిల్టన్ కంపెనీకి అమ్మేశారు. వాళ్లు కొత్త ముఖపత్రం అతికించి, 1866 అని వేసి అమెరికాలో అమ్ముకున్నారు. ఇంగ్లండు పిల్లలకు పనికిరాదన్న అచ్చు అమెరికా పిల్లలకు ఎలా పనికొచ్చిందో రచయితే చెప్పాలి. ఈ ధోరణి ఆయన గొప్పతనానికి కాస్త మచ్చే. అయితే సేకర్తలకు అది వరమైంది. అసలు 1865 ప్రతి కొనలేనివాళ్లు అవే ఫారాలున్న యాపిల్టన్ ప్రతి కోసం వెతుకుతారు.

బియాట్రిక్స్ పాటర్ రాసిన కుందేలు పిల్ల పీటర్ కథకు ముందు దారి దొరకలేదు. ప్రచురణకర్తలు వరసగా వద్దన్నారు. ఆమె సొంత డబ్బుతో 1901 డిసెంబరులో 250 ప్రతులు వేయించుకుని బంధువులకు, స్నేహితులకు పంచింది. అవి చాలక 1902 ఫిబ్రవరిలో మరో 200 వేయించింది. రెంటికీ తేడా చూడాలంటే పుస్తకం తెరవక్కర్లేదు, వెన్ను చూస్తే చాలు. మొదటి 250 ప్రతులది బల్లపరుపు వెన్ను, తర్వాతి 200 ప్రతులది గుండ్రటి వెన్ను. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ కూడా తన పిల్లల కోసం ఒక ప్రతి తీసుకున్నాడు. ఆ తర్వాత వార్న్ సంస్థ దాన్ని తీసుకుని 1902 అక్టోబరులో రంగుల్లో తెచ్చేసరికి వేలల్లో అమ్ముడుపోయింది.

ఇలాంటి ఆనవాళ్లే ఈ వ్యాపారానికి ఊపిరి. 1997 జూన్‌లో బ్లూమ్స్‌బరీ తెచ్చిన మొదటి హ్యారీ పాటర్ నవలకు గట్టి అట్టతో మొదట వేసినవి 500 ప్రతులే. వాటిలో 300 దాకా గ్రంథాలయాలకు వెళ్లాయి. అసలుదా కాదా అని తేల్చుకోవడానికి కొనేవాళ్లు 53వ పుట తిప్పుతారు. బడికి తెచ్చుకోవాల్సిన సామాను జాబితాలో మంత్రదండం పొరపాటున రెండుసార్లు పడి ఉండాలి. వెనక అట్టమీద 'ఫిలాసఫర్' అన్న మాటలో ఒక అక్షరం ఎగిరిపోయి ఉండాలి. ఆ తప్పులు లేకపోతే ధర పడిపోతుంది. ప్రూఫులు దిద్దేవాళ్లు వింటే ఏమనుకుంటారో గాని, 2021 డిసెంబరులో ఆ తప్పులతో ఉన్న ఒక ప్రతి అమెరికా వేలంలో 4,71,000 డాలర్లకు పోయింది. గ్రంథాలయాలకు వెళ్లిన ప్రతులు మాత్రం ముద్రలు పడి, తేదీల చీటీలు అంటించుకుని, చేతులు మారి నలిగిపోయాయి. మార్కెట్టులో వాటి విలువ తక్కువ.

డబ్బు లెక్క చూడని సేకర్తలూ ఉన్నారు. ఎడ్గార్ ఆస్బర్న్ ఇంగ్లండ్‌లోని డర్బీషైర్ గ్రంథాలయాధికారి. ఆయన, భార్య మేబుల్ తాము చిన్నప్పుడు చదివిన పుస్తకాలు వెతకడంతో మొదలుపెట్టి, వందల ఏళ్ల వెనక్కి వెళ్లిపోయారు. 1934లో కెనడా వెళ్లినప్పుడు టొరంటోలో లిలియన్ స్మిత్ నడుపుతున్న పిల్లల గ్రంథాలయ విభాగం ఆయనకు బాగా నచ్చింది. మేబుల్ చనిపోయాక 1949లో సుమారు రెండు వేల పుస్తకాలను ఆ నగరానికే ఇచ్చేశాడు. సొంత దేశాన్ని కాదని సముద్రం దాటించడానికి కారణం ఒక్కటే: అక్కడైతే వాటిని పట్టించుకునేవాళ్లున్నారు.

ఆలిస్ రాతప్రతి మాత్రం ఎదురుదారిలో సముద్రం దాటింది. రోజెన్‌బాక్ దాన్ని విక్టర్ గ్రామఫోను కంపెనీ పెట్టిన ఎల్డ్రిడ్జ్ జాన్సన్‌కు అమ్మాడు. మన ఇళ్లలో హెచ్ఎంవీ రికార్డుల మీద కనిపించే కుక్క ఆ కంపెనీ గుర్తు కూడా. జాన్సన్ పోయాక 1946లో మళ్లీ వేలానికొస్తే రోజెన్‌బాకే 50,000 డాలర్లకు పాడాడు. అమెరికా పుస్తక ప్రియులు చందాలు వేసుకుని ఆ డబ్బు సమకూర్చారు. బ్రిటన్ ప్రజలు హిట్లర్‌ను నిలువరించినందుకు కృతజ్ఞతగా 1948 నవంబరులో కాంగ్రెస్ లైబ్రరీ అధిపతి లూథర్ ఇవాన్స్ స్వయంగా దాన్ని లండన్ తీసుకెళ్లి బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించాడు. చివరి పుటలో ఏడేళ్ల ఆలిస్ ఫొటో అతికించి ఉంటుంది. దాని కింద రచయిత గీసిన ఆమె బొమ్మ దాగి ఉందని 1977లో గాని ఎవరికీ తెలియలేదు.

తెలుగులో పిల్లల పుస్తకాలు వెతికేవాళ్లకు ఇలాంటి వేలాలు లేవు, ముద్రణల ఆనవాళ్లు రాసిపెట్టిన కేటలాగులూ లేనట్టే. పంతొమ్మిదో శతాబ్దిలో మద్రాసులో మొదలైన పెద్దబాలశిక్షది ప్రైమర్ గతే. ఇంటింటా ఉన్నందువల్లే తొలినాటి ప్రతులు చిక్కడం కష్టం. ఇక 'బాల'. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ప్రారంభించిన ఈ పత్రికలోనే బాపు, ముళ్లపూడి వెంకటరమణ చిన్నప్పుడు కనిపించారు. అందుకని పాత 'బాల' సంచిక దొరికితే పెద్దల సాహిత్యం సేకరించేవాళ్లు కూడా ఎగబడతారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి తెచ్చిన 'చందమామ' వేలం వెర్రి వేరే. వడ్డాది పాపయ్య అట్టబొమ్మల కోసం కొందరు, చిత్రా, శంకర్ బొమ్మల కోసం కొందరు, దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' లాంటి సీరియల్స్ కోసం కొందరు. ఆ సీరియల్స్‌కు రచయిత పేరు వేసేవారు కాదు. పుస్తకాలుగా రావడానికి దశాబ్దాలు పట్టింది. అప్పటిదాకా కథ పూర్తిగా చదవాలంటే సంచికలన్నీ వరసగా చేతికి రావాల్సి వచ్చేది.

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో అప్పుడప్పుడూ ఒక ఏడాది సంచికలు కలిపి కుట్టిన బైండు కనిపిస్తుంది. సేకర్తలు దాన్ని పెదవి విరుస్తూ తిప్పుతారు. బైండు వేసినాయన అట్టలు పీకేసి, ప్రకటనల పుటలు పారేసి, మూడువైపులా అంచులు కోసేసి ఉంటాడు. పాపయ్య బొమ్మ పోయింది, కొన్ని పుటల్లో బొమ్మల అంచులూ పోయాయి. విడి సంచికల ధరలో సగం కూడా ఇవ్వరు. కానీ అటకల మీదికెక్కిన విడి సంచికల్లో ఎక్కువ భాగం చెదలపాలయ్యాయి, తూకానికి పోయాయి. సీరియల్ మొదటి భాగం నుంచి చివరి భాగం దాకా తెగకుండా దొరుకుతున్నది చాలాసార్లు ఆ అట్టలేని బైండులోనే.