తాతయ్య నెగటివ్‌లకి ఏ స్కానర్?

ఈసారి కొంచెం చరిత్ర, కొంచెం స్కానర్ గోల. నా తెలుగులో తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి.

మా అమ్మ వాళ్ళ నాన్నగారు తెనాలిలో ఫోటో స్టూడియో నడిపేవారు. కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడు మావయ్య ఒక రేకుపెట్టె నా చేతిలో పెట్టి, "అమెరికాలో మంచి మిషన్లుంటాయిగా, నువ్వే చూడు" అన్నారు. అందులో 40 నెగటివ్‌లు. కొన్ని గాజువి, కొన్ని ఫిల్మువి. అన్నీ హాఫ్ ప్లేట్ సైజు, అంటే 4.75 × 6.5 అంగుళాలు.

ఇంత పెద్దవి ఎందుకు? ఎన్‌లార్జర్ లేని రోజుల్లో నెగటివ్‌ని కాగితం మీద ఆనించి ప్రింటు వేసేవారు. ఫోటో ఎంత కావాలంటే నెగటివ్ అంత ఉండాలి. మొదట్లో గాజుపలకకి అక్కడికక్కడే మందు పూసి, అది ఆరిపోయేలోపే ఫోటో తీసి కడగాలి. 1871లో రిచర్డ్ మాడక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు జెలటిన్‌తో పొడి పలక చెయ్యొచ్చని చూపించాడు. ఆ తర్వాత పలకలు డబ్బాల్లో అమ్మకానికొచ్చాయి. తెనాలిలాంటి ఊళ్ళో కూడా స్టూడియో పెట్టుకోవడం కుదిరింది.

సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు నెగటివ్‌లు 2857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మా తాతయ్యవి రేకుపెట్టెలో ఉన్నాయి.

ఇక స్కానర్. డ్రమ్ స్కానర్ గొప్పదంటారు కానీ అందులో నెగటివ్‌ని గుండ్రటి గొట్టానికి చుట్టాలి. గాజుని ఎలా చుడతాం? ఎప్సన్ వి600లో వెలుతురు పట్టీ సన్నం, హాఫ్ ప్లేట్ పట్టదు. వి850 మూతలో 8 × 10 అంగుళాల మేర వెలుగుతుంది. నేను అదే పాతది కొన్నాను. పెట్టె మీద రాసిన 6400 డీపీఐ చూసి మురిసిపోకండి, నిజంగా చేతికొచ్చే వివరం అందులో సగం కూడా ఉండదు. మనకి అంత అక్కర్లేదు కూడా. ఇంత పెద్ద నెగటివ్‌కి 1200 పెట్టినా 4 కోట్ల 40 లక్షల పిక్సెళ్ళు వస్తాయి. దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయానికి అదనంగా డబ్బు పెట్టకండి. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో ఉన్న వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటుంది, బొమ్మనే దుమ్మనుకుంటుంది.

ఫిల్ము నెగటివ్ అయితే ముందు అంచు చూడండి. "సేఫ్టీ" అని ఉంటే మంచిదే. పాత నైట్రేట్ ఫిల్ము అయితే ఇట్టే అంటుకుంటుంది, కొడక్ ఆ రకం షీట్లు 1939లో ఆపేసింది. అనుమానం ఉంటే స్కానర్ జోలికి వెళ్ళకుండా ఆర్కైవ్ వాళ్ళని అడగండి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఒక నెగటివ్‌ని ఏటవాలుగా పట్టుకుంటే బుగ్గ మీద ఏదో మెరిసింది. పెన్సిల్ గీతలు! ప్రింటులో నల్లగా వచ్చే గుంటలు నెగటివ్‌లో పల్చగా ఉంటాయి. స్టూడియోవాళ్ళు వాటిని సన్నటి పెన్సిల్‌తో నింపేవారు. అప్పుడు ప్రింటులో మొహం నున్నగా వస్తుంది.

మా స్కానర్‌లో మూత దీపం ఆపి, మామూలు కాగితంలా కూడా స్కాన్ చెయ్యొచ్చు. పెన్సిల్ వైపు కిందకి తిప్పి, గాజుకి రాసుకోకుండా నాలుగు మూలలా అట్టముక్కలు పెట్టాను. బొమ్మ తిరగబడి వచ్చింది, దాన్ని కంప్యూటర్లో సరిచేశాను. బుగ్గల నిండా, నుదుటి మీద చిన్న చిన్న గీతలు.

అమ్మకి ఫోన్‌లో చూపించాను. "మీ చిన్నమ్మమ్మ రా! చిన్నప్పుడు అమ్మవారు పోసింది. పెళ్ళిచూపులకి పంపడానికి తీసిన ఫోటో అది. మచ్చలు కనపడకూడదని మీ తాతయ్య రాత్రంతా కూర్చున్నారట" అంది. నాకు "అమ్మవారు పోయడం" అంటే మశూచి అని అప్పుడే తెలిసింది.

దుమ్ము తుడుస్తూ ఆ గీతల్ని కూడా సాఫ్ట్‌వేర్‌లో చెరిపేద్దామని ముందు అనుకున్నాను. చెరపలేదు. ఒక్కో నెగటివ్‌కి రెండేసి ఫైళ్ళు దాస్తున్నాను, కింద నుంచి ఒకటి, మూత దీపంతో ఒకటి. ఇప్పటికి 11 అయ్యాయి.