కాటన్ దొర వాంగ్మూలం – ఒక రైల్వే గుమాస్తా లెక్క



ఏటా మే 15న మనం కాటన్ దొర పటానికి దండ వేస్తాం, ధవళేశ్వరం ఆనకట్ట గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం, టిఫిన్ తిని ఇంటికొస్తాం. ఆయన 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు చెప్పిన మాటలు మాత్రం ఎవరమూ ఎత్తం. ఆ మాటలు రైళ్ళకు ఎదురు మరి. మనలో చాలా ఇళ్ళకు అన్నం పెట్టింది రైల్వే. అక్కడే గుమాస్తాగిరీ చేసి రిటైరైన మేము ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు?

అప్పటికి ధాత కరువు (1876–78) మద్రాసు రాజధానిని ఊడ్చేసింది. మేము చదివిన తమిళ బడిలో దాన్నే ‘తాదు వరుష పంజం’ అనేవారు. లక్షల మంది పోయారు. కాటన్‌కు 75 ఏళ్ళు. నీటి పనుల మీద పుస్తకాలు రాసిన మనిషి. ఆయన వాదన టూకీగా ఇది: రైళ్ళ మీద పోసిన డబ్బు కాలువల మీద పెడితే పంటా పండుతుంది, సరుకూ పడవల మీద చవగ్గా పోతుంది. కమిటీ ఒప్పుకోలేదు.

ఇందులో ఎంత నిజం? లెక్క చూద్దాం.

మొదటిది ఆయన వైపు. మద్రాసు నుంచి గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు 1871కే వచ్చేసింది. ఆ తరవాత కొన్నేళ్ళకే ఆ సీమలోనే జనం ఆకలికి ప్రాణాలు వదిలారు. రైలు ధాన్యం మోస్తుంది, పండించదు. కొనుక్కోవడానికి కూలివాడి చేతిలో డబ్బూ పెట్టదు. అదే కరువులో గోదావరి, కృష్ణా డెల్టాలు పండాయి.

రెండోది ఆయనకు ఎదురు. కర్నూలు–కడప కాలువ ఆయన ఆలోచనే. సాగుకూ పడవలకూ పనికొస్తుందని తవ్వారు. కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. అంటే కమిటీ ముందు ఆయన ఒట్టి సాక్షి కాదు, తన పథకానికి తానే వకీలు. ఎండాకాలం నీళ్ళు లేకపోతే పడవ ఆగుతుంది, రైలు ఆగదు. అలాగని రైలు సంగతి తెలియక మాట్లాడాడనీ అనలేం. 1837లో రెడ్‌హిల్స్ నుంచి చింతాద్రిపేటకు రోడ్ల రాయి మోయడానికి వేసిన రైలుదారిలో ఆయన చెయ్యి ఉంది.

మూడోది మన ఊరే చెబుతుంది. ఆ కరువులోనే కూలి పనుల కింద కూవం, అడయారులను కలుపుతూ బకింగ్‌హాం కాలువ తవ్వారు. శ్రీహరికోట కట్టెలు ఆ కాలువ పడవల్లోనే నగరానికి వచ్చేవి. ఇప్పుడు ఎం.ఆర్.టి.ఎస్. రైలు స్తంభాలు ఆ కాలువలోనే నిలబడి ఉన్నాయి. రైలు గెలిచిందనుకున్నాం.

2019 జూలై 12న జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి నీళ్ళ రైలు వచ్చింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. అప్పట్లో నగరానికి రోజూ ఇస్తున్నది సుమారు 52 కోట్ల లీటర్లు. ఒక రైలు అందులో అర శాతం కూడా కాదు. ఒక్క టి.ఎం.సి. మోయాలంటే పదకొండు వేలకు పైగా ట్రిప్పులు. 1983 ఒప్పందం ప్రకారం తెలుగు గంగ కాలువలో మనకు ఏటా రావలసింది 12 టి.ఎం.సి.లు!

మా తీర్పు ఇది. పడవల మాటలో కాటన్ పొరబడ్డాడు. నీళ్ళ మాటలో పొరబడలేదు.

ఇది రైల్వేను తక్కువ చేయడం కాదు. ఆ నీళ్ళ రైలు నడిపింది మనవాళ్ళే. వాళ్ళకు మళ్ళీ ఆ పని పడకుండా చూసుకోవలసింది మాత్రం మనం. వచ్చే మే 15న దండ వేసే ముందు, ఇంట్లో వాననీటి గుంట పూడిక తీశారా అని ఒకరినొకరు అడుగుదాం. టిఫిన్ ఆ తరవాత.