కుక్క మూత్ర నమూనా సేకరణ

మూత్రపిండాల జబ్బు, మూత్రాశయ ఇన్ఫెక్షన్, రాళ్లు, మధుమేహం వంటి అనుమానం వచ్చినప్పుడు పశువైద్యులు కుక్క మూత్రం తెమ్మంటారు. నమూనా తీయడానికి మూడు దారులున్నాయి: కుక్క పోస్తుండగా పట్టడం, సన్నని గొట్టం ఎక్కించి తీయడం, పొట్ట మీదుగా మూత్రాశయంలోకి సూది గుచ్చి లాగడం. మొదటిది ఇంట్లో యజమాని చేయగలిగేది. చివరి రెండూ డాక్టరు చేతి పనులు.

హైదరాబాద్ ఉత్తర శివారులోని దుండిగల్, గండిమైసమ్మ, బౌరంపేట ప్రాంతాలవారికి పట్టడం కన్నా చేర్చడమే కష్టం. దగ్గరి క్లినిక్‌కు కాకుండా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు వెళ్లాలంటే ఔటర్ రింగు రోడ్డు మీదుగా నగరానికి రెండో కొసకు పోవాలి. పట్టిన మూత్రాన్ని మాత్రం అరగంట, మహా అయితే గంటలోపు పరీక్షించాలి. ఆలస్యమైతే కణాలు చితుకుతాయి, బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆమ్లత మారుతుంది. ఫ్రిజ్‌లో పెడితే కొన్ని గంటలు ఆగుతుంది గానీ, చల్లదనానికి కొత్త స్ఫటికాలు ఏర్పడి లేని రాళ్ల జబ్బును ఉన్నట్టు చూపవచ్చు. అందుకే ఐస్ ప్యాక్‌తో తెచ్చారా, ఎన్నింటికి పట్టారు అన్నవి డబ్బా మీద రాయాలి. ఎండ తగిలితే అందులోని బిలిరుబిన్ విరిగిపోతుంది. దూరం ఎక్కువైతే కుక్కనే తీసుకుపోయి అక్కడ పట్టించడం మేలు.

తెల్లవారి మొదటి మూత్రం చిక్కగా ఉంటుంది కాబట్టి దానికే విలువ ఎక్కువ. దానికోసమని రాత్రి నీళ్లు ఆపేయకూడదు. మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కకు అది ప్రమాదం. మెడకు పట్టీ వేసి, కుక్క రోజూ పోసే ఖాళీ ప్లాటు వైపే నడిపించాలి. కాలెత్తే మగకుక్కకు పొడవాటి కాడ గరిటె, నేలకు ఆనేలా కూర్చునే ఆడకుక్కకు లోతు తక్కువ ప్లేటు సరిపోతాయి. ముందే చూపిస్తే చాలా కుక్కలు బెదిరి ఆపేస్తాయి. కాబట్టి ధార మొదలయ్యాక వెనకనుంచి జరపాలి. మొదటి చుక్కలు వదిలి మధ్య ధార పట్టి, మెడికల్ షాపులో దొరికే స్టెరైల్ డబ్బాలోకి ఒంపాలి. 5–10 మిల్లీలీటర్లు చాలు. గిన్నెలో బ్లీచింగ్ తడి మిగిలితే రక్తం లేకున్నా మూత్ర పరీక్ష స్ట్రిప్ ఉన్నట్టు చూపుతుంది. ఫినాయిల్‌తో తుడిచిన బాల్కనీ నేల మీది మూత్రాన్ని సిరంజితో పీల్చి తెచ్చేవారూ ఉన్నారు. ఇన్ఫెక్షన్ తేల్చడానికి అది పనికిరాదు. బ్యాక్టీరియా కల్చర్‌కు సూదితో తీసినదే నమ్మకం, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు.

వీధి చివర మనుషుల ల్యాబ్‌లో ఇస్తే సరిపోదా? పూర్తిగా సరిపోదు. మనుషుల స్ట్రిప్‌లోని తెల్లకణాల గడి, సాంద్రత గడి కుక్కల విషయంలో నమ్మదగినవి కావు. సాంద్రతను రిఫ్రాక్టోమీటర్‌తో కొలవాలి. అది 1.030 దాటితే మూత్రపిండాలు నీటిని బాగానే పట్టి ఉంచుతున్నాయని అర్థం. ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి 0.5 మించితే ప్రొటీన్ కారుతున్నట్టు లెక్క. మగకుక్క చిక్కటి మూత్రంలో కాస్త బిలిరుబిన్ కనబడితే మాత్రం కంగారు అక్కర్లేదు.

గోమార్లు అంటించే జ్వరాల విషయంలో రంగే చాలా చెబుతుంది. గోమార్ల ద్వారా వచ్చే బెబీసియా పరాన్నజీవి ఎర్రకణాలను పగలగొడితే మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది. అలాంటి మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినా పైనీరు తేరుకోదు. రాయి గీరుకుని రక్తం పడితే కణాలు అడుగుకు దిగి పైనీరు తేటపడుతుంది. గోమార్ల వల్లే వచ్చే ఎర్లికియా జ్వరం ముదిరితే మూత్రంలో ప్రొటీన్ పోవచ్చు.

పట్టేవారు చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. ఎలుకల ద్వారా, వాననీటి గుంటల ద్వారా వ్యాపించే లెప్టోస్పైరా బ్యాక్టీరియా పైకి ఆరోగ్యంగా ఉన్న కుక్క మూత్రంలోనూ ఉండవచ్చు. చేతి గాయం ద్వారా అది మనిషికీ అంటుతుంది.

కుక్క పదేపదే ముక్కుతున్నా చుక్క రాకపోతే నమూనా కోసం ఎదురుచూడకూడదు, పొట్ట నొక్కకూడదు. దారి మూసుకుపోయి మూత్రాశయం పగిలే ప్రమాదం ఉంది, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.